బిడ్డ ఎవరి దగ్గర? ఖర్చు ఎవరి వంతు?

"ముందు బాబును చూపించమనండి సార్, ఆ తరవాతే డబ్బు సంగతి."

"ముందు బాకీ కట్టమనండి. నెలల తరబడి రూపాయి రాలేదు. ఇంక చూపించేదేంటి?"

ఏ ఫ్యామిలీ కోర్టు వరండాలోనైనా ఓ పూట నిలబడితే ఈ రెండు మాటలూ చెవిన పడతాయి. ఊరు మారినా, కులం మారినా, జీతం వేలల్లో ఉన్నా లక్షల్లో ఉన్నా మాట మాత్రం మారదు. అంటున్న ఇద్దరికీ తాము న్యాయమే అడుగుతున్నామన్న నమ్మకం. లోపల లాయర్లు కూడా ఇదే మాటను ఇంకాస్త మర్యాదగా వినిపిస్తారు. చిక్కేమిటంటే, చట్టం ఈ బేరాన్ని ఒప్పుకోదు. అమ్మానాన్నలిద్దరితోనూ గడపడం బిడ్డ హక్కు. ఇద్దరి సంపాదనతోనూ తిండీ బట్టా చదువూ పొందడం కూడా బిడ్డ హక్కే. ఫైళ్లు వేరు, సెక్షన్లు వేరు. ఒకటి ఆగిందని రెండోది ఆపే అధికారం తల్లికీ లేదు, తండ్రికీ లేదు. అయినా విడిపోతున్న దంపతులు ఈ రెండు హక్కుల్నీ తక్కెడలో చెరోవైపు వేసి తూస్తూనే ఉంటారు. కస్టడీ కేసులు ఏళ్ల తరబడి నలగడానికి చాలావరకు ఈ తూకమే కారణం.

కాగితం మీద తండ్రే ముందు

పిల్లల కస్టడీకి మన దేశంలో పునాది బ్రిటిష్ వాళ్ల కాలం నాటి 1890 గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం. లాయర్ల నోట ‘జీడబ్ల్యూఓపీ’ అని వినిపించే పిటిషన్ దీని కింద వేసేదే. మతంతో నిమిత్తం లేకుండా అందరికీ వర్తిస్తుంది. హిందువులకు దానికి తోడు 1956లో మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం వచ్చింది. ముస్లిం కుటుంబాల్లో హనఫీ సంప్రదాయం ప్రకారం కొడుకుకు ఏడేళ్లు నిండేదాకా, కూతురు ఈడేరేదాకా దగ్గర ఉంచుకునే హక్కు తల్లిది. దాన్ని హిజానత్ అంటారు.

గార్డియన్, కస్టడీ ఒకటి కావు. బిడ్డ పేరున ఉన్న ఆస్తికీ బ్యాంకు ఖాతాకూ సంతకం పెట్టేవాళ్లు గార్డియన్. బిడ్డ రోజూ ఎవరింట్లో నిద్ర లేచి బడికి వెళ్తుందో వాళ్లది కస్టడీ. 1956 చట్టం ఆరో సెక్షన్ హిందూ మైనర్లకు సహజ గార్డియన్‌గా తండ్రిని, ఆయన తరువాత తల్లిని పేర్కొంది. అదే సెక్షన్ అయిదేళ్లలోపు బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలనీ చెప్పింది.

‘తండ్రి తరువాత’ అన్నందుకు ఎంత రభస జరిగిందో చూడండి. రచయిత్రి గీతా హరిహరన్ 1984లో తన కొడుకు పేరున రిజర్వ్ బ్యాంకు రిలీఫ్ బాండ్లు కొనబోయారు. గార్డియన్‌గా తన సంతకమే పెట్టారు. తండ్రి సంతకమైనా కావాలి, లేదంటే కోర్టు నుంచి గార్డియన్ సర్టిఫికెట్ అయినా తేవాలి అంటూ బ్యాంకు దరఖాస్తును తిప్పి పంపింది. తండ్రికి అభ్యంతరమేమీ లేదు, ఆ దంపతులిద్దరూ కలిసి తీసుకున్న నిర్ణయమే అది. 1999లో సుప్రీంకోర్టు తేల్చిందేమిటంటే, తల్లి గార్డియన్ కావడానికి తండ్రి చనిపోనక్కర్లేదు. ఆయన పట్టించుకోకపోయినా, దూరంగా ఉన్నా, ఇద్దరూ అలా అనుకున్నా తల్లి గార్డియనే. తీర్పు మంచిదే. కానీ చట్టంలోని వాక్యం అలాగే ఉండిపోయింది. ఇద్దరికీ సమాన హోదా ఇవ్వండి, ఉమ్మడి కస్టడీకి వీలు కల్పించండి అని లా కమిషన్ 2015 మేలో 257వ నివేదిక ఇచ్చింది. ఆ సిఫార్సు కూడా చట్టంగా మారలేదు. పార్లమెంటుకు ఇంతకంటే అత్యవసరమైన పనులు చాలానే ఉన్నట్టున్నాయి.

జనంలో ఉన్న కొన్ని అపోహలు ఈ సెక్షన్ చుట్టూ అల్లుకున్నవే. అయిదు నిండగానే బిడ్డ తండ్రి దగ్గరకు వెళ్లిపోతుందని చాలామంది తల్లులు భయపడతారు. అలాంటి నియమం ఎక్కడా లేదు. అయిదేళ్ల తరవాత కూడా చూసేది బిడ్డ క్షేమాన్నే. 1956 చట్టం పదమూడో సెక్షన్ దాన్నే అన్నిటికంటే పైన పెట్టింది. జీతం ఎక్కువున్నవాళ్లకే బిడ్డను ఇస్తారనేది ఇంకోటి. సంపాదన కస్టడీని తేల్చదు, ఖర్చులో ఎవరి వాటా ఎంతో తేలుస్తుంది. మళ్లీ పెళ్లి చేసుకుంటే బిడ్డ పోయినట్టే అన్నదీ తప్పే. తొమ్మిదేళ్లు దాటితే పిల్లల ఇష్టమేనట అని అడిగేవాళ్లూ ఉన్నారు. 1890 చట్టం వయసేమీ చెప్పలేదు. బిడ్డకు ఆలోచించి చెప్పగల తెలివి వచ్చిందనిపిస్తే ఆ మాటను జడ్జి పరిగణనలోకి తీసుకోవచ్చు, అంతే. అందుకే చాలామంది జడ్జీలు పిల్లల్ని ఛాంబర్‌లోకి పిలిచి, అమ్మానాన్నల్ని బయట నిలబెట్టి, బడి గురించీ స్నేహితుల గురించీ కబుర్లాడతారు. ఎవరు నేర్పి పంపారో ఆ కబుర్లలో బయటపడుతుంది.

కాలమే తీర్పు రాస్తుంది

చట్టం క్షేమం అంటుంది సరే, ఆచరణలో దాని రూపమేమిటి? నేను చూసినంతలో చాలా కేసుల్లో తుది తీర్పు కంటే ముందు వచ్చే మధ్యంతర ఉత్తర్వే బిడ్డ బతుకును మలుస్తుంది. కేసు వేసిన రోజున బిడ్డ ఎవరి దగ్గర ఉంటే సాధారణంగా వాళ్ల దగ్గరే ఉంచుతారు. వాయిదాలు నడుస్తుంటాయి. ఈలోగా బిడ్డ కొత్త బడికి అలవాటుపడుతుంది, వీధిలో స్నేహాలు కుదురుతాయి, అమ్మమ్మో నాయనమ్మో లోకమవుతుంది. నాలుగేళ్ల తరవాత జడ్జి ముందు కూర్చున్న ఆ బిడ్డను కదిపితే క్షేమం కాదనే అనిపిస్తుంది. ఆ మాట నిజమే కూడా. కాకపోతే ఆ పరిస్థితిని తెచ్చింది ఆలస్యం.

ఇది ముందే పసిగట్టినవాళ్లు చేసే పని ఒకటుంది. బడి వదిలే వేళకు వెళ్లి బిడ్డను బండెక్కించుకుని సొంతూరికి చేరడం. తండ్రులూ చేస్తారు, తల్లులూ చేస్తారు. రెండోవాళ్లు పోలీస్ స్టేషన్‌కు పరిగెడితే ‘కన్నతండ్రే కదమ్మా తీసుకెళ్లింది, కోర్టుకెళ్లండి’ అంటారు. కోర్టు ఉత్తర్వేదీ లేనప్పుడు కన్నవాళ్లు బిడ్డను తీసుకెళ్లడాన్ని కిడ్నాప్ అనడం కష్టం కాబట్టి పోలీసుల మాటను పూర్తిగా తప్పుపట్టలేం. అప్పుడు ఉన్న దారి, బిడ్డను కోర్టు ముందు హాజరుపరచమంటూ హైకోర్టులో వేసే హెబియస్ కార్పస్ పిటిషన్. కస్టడీ వివాదాల్లోనూ అది చెల్లుతుందని, అయితే లోతైన విచారణ అవసరమైతే ఫ్యామిలీ కోర్టుకే వెళ్లాలని సుప్రీంకోర్టు 2019లో వివరంగా చెప్పింది. కింది కోర్టులో కేసు ఎక్కడ వేయాలన్నదీ ముఖ్యమే. 1890 చట్టం తొమ్మిదో సెక్షన్ ప్రకారం బిడ్డ మామూలుగా నివసించే ఊరి కోర్టుకే అధికారం. రాత్రికి రాత్రి ఊరు మార్చినంత మాత్రాన కోర్టు మారదు, కానీ ఏ ఊరన్న వాదనకే కొన్ని వాయిదాలు ఖర్చయిపోతాయి.

గంటసేపు నాన్న

కస్టడీ రానివాళ్లకు విజిటేషన్ ఇస్తారు. గొడవ ముదిరిన కేసుల్లో అది కోర్టు ఆవరణలోనే, నెలకు రెండు శనివారాలో, గంటో రెండు గంటలో.

ఓ జిల్లా కోర్టులో అలాంటి శనివారం ఒకటి చూశాను. పిల్లల గది అని బోర్డు ఉంది, లోపల విరిగిన జారుడుబల్ల, రెండు ప్లాస్టిక్ కుర్చీలు. ఎనిమిదేళ్ల పిల్లాడు. తండ్రి కొత్త బూట్లు తెచ్చాడు.

"ఎన్నో క్లాసురా నాన్నా ఇప్పుడు?"

"థర్డ్."

"లెక్కలొస్తున్నాయా?"

"ఊఁ."

బూటు తొడగబోతే పాదం పట్టలేదు. తండ్రికి గుర్తున్న సైజు కిందటేడాదిది. ‘మార్పించి తెస్తాలే’ అంటూ డబ్బాలో పెట్టేశాడు. ఆ తరవాత ఇద్దరూ ఫోన్‌లో ఆట ఆడుకున్నారు, మాటల కంటే అదే తేలిక. చెట్టు కింద తల్లి, పక్కనే ఆమె తమ్ముడు, గడియారం చూస్తూ. నిబంధన ప్రకారం అంతా సవ్యంగా జరిగింది.

ఇలాంటి గంటల్ని సుప్రీంకోర్టు కూడా ఇష్టపడలేదు. ఇద్దరి ప్రేమా పొందడం బిడ్డకు ప్రాథమికమైన మానవ హక్కు అని 2020 జనవరి తీర్పులో చెబుతూ, కస్టడీ లేని వాళ్లకు కలుసుకునే వీలుతోపాటు ఫోన్‌లోనో వీడియోలోనో రోజూ కాసేపు మాట్లాడుకునే వీలూ ఉండాలంది. సెలవుల్లో కొన్ని రోజులు పూర్తిగా వాళ్ల దగ్గరే ఉంచడం, పండగలు వంతులవారీగా పంచుకోవడం కూడా ఇప్పుడు ఉత్తర్వుల్లో రాస్తున్నారు. 1973లోనే మరో కేసులో అదే కోర్టు పిల్లలు తల్లిదండ్రుల సొత్తూ కారు, ఆటబొమ్మలూ కారు అంది. కస్టడీ ఉత్తర్వు ఏదీ శాశ్వతం కాదన్న సూత్రమూ ఆ తీర్పు నుంచి బలపడింది. పరిస్థితి మారితే మళ్లీ అడగవచ్చు. ఒకసారి ఓడిపోయామని తలుపులు మూసుకోనక్కర్లేదు.

ఎదుటివాళ్ల మీద బిడ్డకు విషం ఎక్కించడాన్ని కోర్టులు కనిపెడుతున్నాయి. అయితే ఇక్కడ ఓ జాగ్రత్త అవసరం. దెబ్బలు చూసిన బిడ్డ తండ్రి దగ్గరకు వెళ్లనంటే అది తల్లి నేర్పిన మాటే కానక్కర్లేదు. ఇంట్లో హింస ఉన్నచోట గృహహింస చట్టం కిందే తల్లి తాత్కాలిక కస్టడీ కోరవచ్చు. 2005 నాటి ఆ చట్టంలో 21వ సెక్షన్ అందుకోసమే ఉంది. అవసరమైతే విజిటేషన్‌కు నో చెప్పే అధికారాన్నీ అది మెజిస్ట్రేటుకు ఇచ్చింది.

మాగాణా, మెట్టా?

ఇక డబ్బు. మెయింటెనెన్స్ (భరణం) కేసుకు అందరికీ తెలిసిన నంబరు పాత నేర విచారణ స్మృతి, అంటే సీఆర్పీసీలోని 125. 2024 జులై 1 నుంచి అది, ఆ స్మృతి స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో 144వ సెక్షన్ అయింది. నంబరు మారింది తప్ప సారం మారలేదు. పెళ్లి చెల్లినా చెల్లకపోయినా, పుట్టిన బిడ్డకు ఇది వర్తిస్తుంది. మతం అడ్డు కాదు. విడాకులు పొందిన ముస్లిం మహిళ కూడా ఈ సెక్షన్ కింద భరణం అడగవచ్చని 2024 జులై 10న సుప్రీంకోర్టు స్పష్టం చేసిన కేసు మన తెలంగాణ నుంచి వెళ్లిందే. ముస్లిం దంపతుల పిల్లలకు మైనారిటీ తీరేదాకా ఈ హక్కు ఉందని 1997లోనే తేలింది.

ఎంత ఇవ్వాలి? చట్టంలో లెక్కేమీ లేదు. అందుకే తండ్రులు జీతం దాస్తారు, తల్లులు ఉద్యోగం దాస్తారు. ఈ దాగుడుమూతలకు 2020 నవంబరు 4న సుప్రీంకోర్టు ఓ మందు వేసింది. భరణం కేసు పడితే రెండు పక్షాలూ ఆస్తిపాస్తుల అఫిడవిట్ వేయాలి. అవతలివాళ్లు నాలుగు వారాల్లో తమది దాఖలు చేయాలి. అబద్ధమని తేలితే చర్య తప్పదు. భరణం లెక్క తీర్పు రోజు నుంచి కాదు, దరఖాస్తు వేసిన రోజు నుంచి.

ఆ తీర్పుతో జత చేసిన ఫారాలు చదవదగ్గవి. వ్యవసాయం మీద ఆధారపడనివాళ్లకు ఒకటి, వ్యవసాయం మీద బతికేవాళ్లకు ఇంకోటి. రెండోదాంట్లో భూమి ఎన్ని ఎకరాలు, మాగాణా మెట్టా, ఏం సాగు చేస్తున్నారు, గేదెలూ మేకలూ కోళ్లూ ఎన్ని, చేపల పెంపకం ఉందా అని అడుగుతారు. కోస్తాలో చెరువులున్నవాళ్లనూ, పొలం తమ్ముడి పేరున రాయించి ‘నాకేం లేదు సార్, కూలి చేసుకుంటున్నా’ అనేవాళ్లనూ దృష్టిలో పెట్టుకుని రాశారా అనిపిస్తుంది. సంపాదన లేదన్న మాట అసలే చెల్లదు. ఒళ్లు వంచగలిగినవాడు కూలి చేసైనా పెళ్లాం బిడ్డల్ని పోషించాల్సిందేనని కోర్టులు పదేపదే అంటున్నాయి. తల్లికి ఉద్యోగం ఉంటే ఖర్చు ఇద్దరి మధ్యా పంచుతారు, అంతేగాని తండ్రి వంతు మాఫీ కాదు.

కట్టకపోతే? వారెంటు వస్తుంది, ఒక్కో నెల బాకీకి నెలదాకా జైలు పడవచ్చు. జైలుకెళ్లొస్తే బాకీ తీరినట్టే అనుకునే మొండిఘటాలున్నాయి. తీరదు. 1989లోనే సుప్రీంకోర్టు ఆ దారి మూసేసింది. తల్లులు గుర్తుంచుకోవాల్సిన సంగతొకటి: బాకీ పడిన రోజు నుంచి ఏడాదిలోపు వసూలు దరఖాస్తు వేయాలి. ‘ఇస్తాడులే’ అని ఎదురుచూస్తే పాతది ఈ దారిన రాబట్టుకోవడం కష్టమవుతుంది.

మన పల్లెల్లో ఇంతదాకా రానివ్వరు. పెద్దమనుషుల పంచాయితీ జరుగుతుంది. స్టాంపు కాగితం మీద ‘ఇకమీదట ఒకరిపై ఒకరికి ఎలాంటి హక్కులూ లేవు, బిడ్డ తల్లి దగ్గరే ఉంటుంది, ఆమె భరణం అడగదు’ అని రాసి, సంతకాలు పెట్టించి, ఇచ్చిపుచ్చుకున్న సామాన్ల జాబితా కింద జత చేస్తారు. సామాన్ల పట్టికలో బీరువా, మంచం, బిందెలు పేరుపేరునా ఉంటాయి. బిడ్డకు ఒక్క వాక్యం. ఆ కాగితంతో విడాకులు వచ్చినట్టు కాదు, కులాచారం ఉందని కోర్టులో రుజువైతే తప్ప. బిడ్డ భరణం మాటకొస్తే, ఆ హక్కు బిడ్డది. తల్లి సంతకంతో అది పోదు. పంచాయితీ తరవాత ఏళ్లకైనా బిడ్డ తరఫున కేసు వేయవచ్చు.

ఇంటిపేరు ఎవరిది

మన దగ్గర గొడవ ఇంటిపేరు దాకా వెళ్తుంది. భర్త చనిపోయిన ఓ తల్లి మళ్లీ పెళ్లి చేసుకుని, బిడ్డకు కొత్త కుటుంబం ఇంటిపేరు పెట్టుకుంది. తాతా నాయనమ్మలు కోర్టుకెక్కారు. అసలు తండ్రి ఇంటిపేరే ఉండాలని, రికార్డుల్లో రెండో భర్తను సవతి తండ్రి అని రాయాలని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆదేశించింది. 2022 జులై 28న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. తండ్రి లేనప్పుడు సహజ గార్డియన్‌గా ఇంటిపేరు నిర్ణయం తల్లిదేనంది. బడిలో ప్రతి కాగితం మీదా ‘సవతి తండ్రి’ అని ఉంటే ఆ పసివాడి మనసేం కావాలి అన్న కోణంలో చూసింది. తాతలకు మనవడు కావాలనిపించడం తప్పు కాదు. ఎవరి ఇంటిపేరుతో అన్నది మాత్రం వాళ్ల దుఃఖం తీర్చే సాధనం కాకూడదు.

శంషాబాద్‌లో దిగాక

తెలుగువాళ్లకు ఈ కథలో అమెరికా అధ్యాయం తప్పదు. అక్కడ లెక్క వేరు. డాలస్, హ్యూస్టన్ ఉన్న టెక్సాస్‌లో చైల్డ్ సపోర్ట్‌కు సూత్రముంది. చేతికొచ్చే ఆదాయంలో, చట్టం పెట్టిన పరిమితికి లోబడి, ఒక బిడ్డకు 20 శాతం, ఇద్దరికి 25 శాతం. జీతం ఇచ్చే కంపెనీయే కోసి పంపుతుంది. బతిమాలుకునే పని లేదు. ఈ ఒక్క విషయంలో మనం వాళ్లను చూసి నేర్చుకోవాలన్నది నా అభిప్రాయం.

కస్టడీకి అక్కడ బిడ్డ కనీసం ఆర్నెల్లుగా ఉంటున్న రాష్ట్రమే ముఖ్యం. గొడవలు మొదలయ్యాక, సెలవులకని బిడ్డతో విమానమెక్కి శంషాబాద్‌లో దిగి తిరిగి వెళ్లకపోతే అక్కడ అది నేరం. 1993 నుంచి దానికి ఫెడరల్ చట్టమే ఉంది. అక్కడి కోర్టు బిడ్డను అప్పగించమని ఉత్తర్వు ఇస్తుంది. ఇక్కడ దాని విలువెంత? పిల్లల అంతర్జాతీయ అపహరణపై 1980 హేగ్ ఒప్పందంలో భారత్ చేరలేదు. లా కమిషన్ 2009లో చేరమంది. 2016లో ముసాయిదా బిల్లూ తయారైంది. అంతటితో ఆగింది. వేధింపులు తట్టుకోలేక పుట్టింటికి వచ్చేసిన మహిళల్ని ఈ ఒప్పందం బలవంతంగా వెనక్కి పంపుతుందన్నది ఆగడానికి చెప్పే కారణం. డిపెండెంట్ వీసా మీద, చేతిలో సొంత డబ్బు లేకుండా, పరాయి దేశంలో కేసు నడపాల్సిన ఆడపిల్లను తలుచుకుంటే ఆ భయం అర్థంలేనిది కాదు. అలాగని ఏళ్లుగా బిడ్డ ముఖం చూడని తండ్రికి ఇది జవాబూ కాదు.

ప్రస్తుతానికి ప్రతి కేసూ మన కోర్టుల్లో విడిగా తేలాల్సిందే. విదేశీ ఉత్తర్వు పరిగణించదగ్గ అంశాల్లో ఒకటి మాత్రమే, బిడ్డ క్షేమమే ముఖ్యమని 2017లో సుప్రీంకోర్టు అంది. 2022లో అదే కోర్టు, అమెరికాలోనే పుట్టి పెరిగిన ఓ బిడ్డను తిరిగి అక్కడికే పంపమంది. రెండింటికీ సూత్రం ఒక్కటే. బిడ్డ వేళ్లు ఎక్కడున్నాయని చూశారు. అందుకే బిడ్డ ఇక్కడికి వచ్చిన వెంటనే కోర్టుకెళ్లిన తండ్రికీ, మూడేళ్లు ఫోన్లలో బతిమాలి అప్పుడు వెళ్లిన తండ్రికీ ఒకే ఫలితం రాదు.

పద్దెనిమిది నిండాక

పరస్పర అంగీకార విడాకులకు వెళ్లే జంటలు తొందరలో ఉంటారు. ఒప్పందపు మెమోలో ‘పాప తల్లి దగ్గర ఉంటుంది, తండ్రి నెలకు ఇంత ఇస్తాడు’ అని రాసి సంతకాలు చేస్తారు. ఏటా ఎంత పెంచాలో రాయరు. పాప ఒకటో తరగతిలో ఉన్నప్పుడు కుదిరిన మొత్తం పదో తరగతికి పుస్తకాలకూ చాలదు. పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉండాలి, రెన్యువల్‌కు రెండో సంతకం ఎవరు పెడతారు, సంక్రాంతి ఎక్కడ, దసరా ఎక్కడ, ఒంట్లో బాగోక ఆసుపత్రిలో చేర్చితే ఎవరికి ముందు చెప్పాలి? ఇవేవీ ఉండవు.

అన్నిటికంటే పెద్ద ఖాళీ ఇంటర్ తరవాతిది. 144వ సెక్షన్ కింద భరణం మైనారిటీ తీరేదాకానే, ఆ తరవాత అంగవైకల్యమో మానసిక సమస్యో ఉంటే తప్ప. హిందూ కూతురికి 1956 దత్తత, భరణ చట్టం కింద పెళ్లయ్యేదాకా అడిగే వీలుంది, తనను తాను పోషించుకోలేని స్థితి ఉంటే. కొడుక్కి ఆ వీలు లేదు. సరిగ్గా ఇంజనీరింగ్ సీటు వచ్చే వేళకు, హాస్టల్ ఫీజు కట్టే వేళకు చట్టం చేతులెత్తేస్తుంది. చదువు పూర్తయ్యేదాకా ఫీజు ఎవరిదో మెమోలోనే రాయించుకుంటే రేపు ఆ కాగితం పట్టుకుని కోర్టుకు వెళ్లవచ్చు.

రాయించుకోని వాళ్లకూ హిందూ వివాహ చట్టం 26వ సెక్షన్ ఉంది. విడాకులు మంజూరయ్యాక కూడా మైనర్ పిల్లల కస్టడీ, పోషణ, చదువు గురించి అదే కోర్టును కొత్తగా అడగవచ్చు, పాత ఉత్తర్వు మార్పించుకోవచ్చు. భరణం, చదువు ఖర్చుల దరఖాస్తును నోటీసు అందిన 60 రోజుల్లో వీలైనంతవరకు తేల్చాలని ఆ సెక్షనే అంటోంది. లాయరు ఫీజు భయంతో ఆగిపోనక్కర్లేదు. 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం మహిళలకూ పిల్లలకూ ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. ఏ జిల్లా కోర్టు ఆవరణలోనైనా న్యాయ సేవాధికార సంస్థ గది ఉంటుంది, ఫోన్‌లో అయితే 15100. వెళ్లేటప్పుడు బిడ్డ బర్త్ సర్టిఫికెట్, బడి ఫీజు రశీదులు, అవతలివాళ్ల ఉద్యోగమో పొలమో తెలిపే ఏ కాగితమున్నా వెంట తీసుకెళ్లండి.